గుడ్లా, పిల్లలా, బల్బా? పొదుగు కోడి ఉన్న ఇంటికి ఏది మేలు

పెరట్లో నాటు పెట్ట గూడు దిగకుండా కూర్చుని పది రోజులైంది. దాని కింద ఉన్నవి పుంజు తొక్కని గుడ్లు, ఎన్నాళ్లు కూర్చున్నా పిల్లలు కావు. చేయి దగ్గరికి తీసుకెళితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటోంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో ఎవరో వనరాజ (పెరటి పెంపకానికి తయారుచేసిన కోళ్ల రకం) పిల్లలు తెప్పిస్తున్నారని తెలిసింది. ఇలాంటప్పుడు ఇంట్లో మూడు రకాల మాటలు వినిపిస్తాయి. మంచి గుడ్లు తెచ్చి పెడితే అదే పొదుగుతుంది కదా అని ఒకరంటారు. రాత్రిపూట పిల్లలను దాని రెక్కల కిందికి చేర్చితే తెల్లారేసరికి తన పిల్లలే అనుకుంటుందని ఇంకొకరు. కోడిని నమ్ముకోకుండా అట్టపెట్టెలో బల్బు పెట్టి పెంచమని మరొకరు.

ఈ మూడు పద్ధతులూ మా పెరట్లో చేశాను. మూడింటిలోనూ పిల్లలు బతికాయి, మూడింటిలోనూ కొన్ని పోయాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. పిల్లలు డజను లోపు ఉండి, పెట్ట గట్టిగా కూర్చుని ఉంటే రాత్రిపూట వాటిని దానికి అప్పగించడమే అన్నిటికన్నా మేలు. అయితే బల్బు వెలిగించి, పెట్టె వెచ్చగా ఉంచుకున్న తరవాతే ఆ పని మొదలుపెట్టాలి. కోడి ఒప్పుకుంటుందనే నమ్మకంతో పిల్లలను తెచ్చి, అది పొడవడం మొదలుపెట్టాక బల్బు కోసం పరుగెత్తితే అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

గుడ్లు పెట్టడం

మీకు కావలసినవి నాటు కోళ్లో, అసీల్ అనే పందెం జాతి కోళ్లో అయితే గుడ్లు పెట్టడమే సహజమైన దారి. 21 రోజులు ఆగితే చాలు, మిగతా పనంతా పెట్ట చూసుకుంటుంది. ఇందులో ఉన్న గొప్ప లాభం మనకు కనిపించదు. పిల్ల పెంకు పగలగొట్టడానికి ఒకటి రెండు రోజుల ముందే గుడ్డులోంచి కిచకిచలు మొదలవుతాయి. పెట్ట వాటికి లోగొంతుతో బదులు పలుకుతుంది. పిల్ల బయటికి వచ్చేసరికి తల్లి గొంతు దానికి తెలుసు, దాని గొంతు తల్లికి తెలుసు. అందుకే సొంతంగా పొదిగిన పిల్లలను పెట్ట తోసేయడం చాలా అరుదు.

కానీ వనరాజ, గ్రామప్రియ కావాలనుకునేవారికి ఈ దారి సరిపోదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ (డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్) పెరటి పెంపకం కోసం తయారుచేసిన ఈ రెండూ సంకర రకాలు. వేర్వేరు వంశాలను కలిపి పుట్టించినవి కాబట్టి, పెరట్లో పెరిగిన వనరాజ కోళ్ల గుడ్లను పొదిగిస్తే పుట్టే పిల్లల్లో ఆ బరువు, ఆ గుడ్ల సంఖ్య ఒకే తీరుగా నిలవవు. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెట్టే చోట వనరాజ నూరు దాకా పెడుతుందని ఆశపడి తెచ్చుకున్నవారు, తరవాతి తరంలో ఆ తేడా చూసి నిరాశపడతారు. పైగా ఈ రకాల పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. ఎక్కువ గుడ్లు పెట్టాలని ఎంపిక చేసిన వంశాల్లో పొదిగే గుణం తగ్గిపోవడమే కారణం. అందుకే వనరాజను ఒక రోజు వయసు పిల్లలుగా కొనడం, తల్లిని మన నాటు పెట్టల్లోంచి వెతకడం.

గుడ్లు పెట్టదలచుకుంటే వారం లోపు పెట్టినవే తీసుకోండి, ఎండాకాలంలో మూడు నాలుగు రోజుల లోపువి. కడగకండి. బస్సులో తెచ్చిన గుడ్లను వెంటనే పొదుగుకు పెట్టకుండా, లావు వైపు పైకి ఉండేలా ఒక రాత్రి కదల్చకుండా ఉంచండి. మామూలు నాటు పెట్ట కిందికి పది, పన్నెండు చాలు. ఏడెనిమిది రోజులకు చీకట్లో టార్చి వెలుగుకు అడ్డంపెట్టి చూస్తే ఎర్రటి నరాలు అల్లుకున్నవి నిలుస్తాయి, ఏమీ లేనివి తీసేయవచ్చు. మురిగిన గుడ్డు గూట్లో పగిలితే మిగతావాటికీ చేటు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నేను గుడ్లు పెట్టను. గుడ్డు గూటికి చేరకముందే ఎండకు పాడవుతుంది.

బల్బు కింద పెంచడం

పిల్లలు ఇరవైకి మించి ఉంటే చర్చే లేదు, బల్బు ఉండాల్సిందే. ఏ పెట్టా అన్నింటినీ కప్పలేదు. మొదటి వారం పిల్లల వీపు దగ్గర 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. పిల్లకు రెండు వాట్లు అనేది చాలాకాలంగా చెల్లుతున్న లెక్క, అంటే పాతికమందికి 60 వాట్ల బల్బు సరిపోతుంది. అది వేడినిచ్చే పాత రకం బల్బు అయి ఉండాలని మాత్రం గుర్తుంచుకోండి. ఈ రోజుల్లో దుకాణంలో అడిగితే ఎల్‌ఈడీ చేతిలో పెడతారు. దాని కింద వెలుగు ఉంటుంది, పిల్లలను కాపాడే వేడి ఉండదు. వెలుగుతున్న బల్బు కిందే పిల్లలు గుట్టలుగా పడి చనిపోవడానికి ఇదొక కారణం.

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి గోల చేస్తుంటే చలి. అంచులకు పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. చెల్లాచెదురుగా పడుకుని, తింటూ తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

బల్బు పద్ధతిలో టీకాలు వేయడం తేలిక, దాణా లెక్క తెలుస్తుంది, గద్ద భయం లేదు. ఈ మూడూ చిన్న లాభాలు కావు. కష్టం రాత్రి కరెంటు పోయినప్పుడు వస్తుంది. వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి సిద్ధంగా ఉంచుకోవాలి. బొగ్గుల కుంపటి పెడతారు కొందరు, మూసిన గదిలో ఆ పొగ పిల్లలకూ మనుషులకూ ప్రమాదం. ఊక తడిసినా రక్త పారుడు రోగం పొంచి ఉంటుంది. రోజూ ఊకను తిరగేసి, తడిసిన చోట తీసేయాలి. ఆరు వారాల దాకా ఈ కాపలా తప్పదు.

ఇంకొక లోటు ఆ ఆరు వారాల తరవాత బయటపడుతుంది. పెట్టెలో పెరిగిన పిల్లలకు ఆకాశంలో నీడ కదిలితే ఏం చేయాలో తెలియదు. తల్లి ఒక్క కేక వేస్తే పొద కిందికి దూరడం, ఎండుటాకు తిరగేస్తే పురుగు ఉంటుందని తెలియడం, ఎండ ముదిరాక నీడకు చేరడం, ఇవన్నీ తల్లి వెంట తిరిగితేనే పిల్లలకు వంటబడతాయి. పెరట్లో వదిలి పెంచేవారికి నేను తల్లి కోడిని సిఫారసు చేయడానికి అసలు కారణం ఇదే. పూర్తిగా జాలీ లోపలే పెంచేవారికి ఈ వాదన అంతగా వర్తించదు, వారు బల్బుతో హాయిగా ఉండవచ్చు.

పిల్లలను పెట్టకు అప్పగించడం

ఇక్కడ చూడవలసింది పిల్లలను కాదు, పెట్టను. రెండు రోజులుగా గూట్లో కూర్చుంటున్న పెట్ట ఇంకా మనసు తేల్చుకోలేదు. కనీసం వారం, పది రోజులు కదలకుండా కూర్చున్నదైతే నమ్మవచ్చు, రెండు మూడు వారాలైతే ఇంకా మంచిది. ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరగడంతో దానికి గుడ్డు పెట్టడం ఆగుతుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం తేలుతుంది, ఒళ్లంతా గూటి మీదే ధ్యాస. నాలుగు వారాలు మించి కూర్చున్నదాన్ని మాత్రం ఒకసారి చేతిలోకి తీసుకుని బరువు చూడండి. రోజుకు ఒకసారి మాత్రమే లేచి తింటూ ఎండిపోయిన పెట్టకు పిల్లల వెంట తిరిగే సత్తువ ఉండదు.

చేయి కిందికి పెట్టి చూడటం మంచి పరీక్ష. ఉబ్బి, గుర్రుమని, పొడిచి కూడా గూడు వదలకపోతే సరైనది. కీచుమని అరిచి ఎగిరిపోతే దాన్ని పక్కన పెట్టండి. ఇంతకన్నా గట్టి పరీక్ష ఒకటి ఉంది. పిల్లలు రావడానికి మూడు రోజుల ముందే ఒక రాత్రి పెట్టను కొత్త చోటికి మార్చండి. మన ఇళ్లలో పెట్టలు అటక మీదో, వేలాడే బుట్టలోనో కూర్చుంటాయి. పిల్లలు అక్కడి నుంచి పడిపోతాయి కాబట్టి ఎలాగూ నేల మీదికి దించాలి. మూలగా, కాస్త చీకటిగా, మిగతా కోళ్లు రాని చోట గంప పెట్టి, లోపల గడ్డి పరిచి, రెండు మూడు గుడ్లు ఉంచండి. మరునాడు కూడా అక్కడే కూర్చుంటే ఆ పెట్ట మీకు దొరికినట్టే. లేచి పాత చోటికి పరుగెత్తితే, ఈసారికి బల్బునే నమ్ముకోండి.

మార్చే రోజునే పేలు ఉన్నాయేమో ఈకలు విడదీసి చూడండి. పొదుగు కోడి ఒంటి మీద పేలు విపరీతంగా పెరుగుతాయి, ఒక రోజు వయసు పిల్లలను అవి పీడించి నీరసపరుస్తాయి. గూటి దగ్గర పొడి బూడిద, మట్టి కలిపి పోసి, పెట్ట అందులో పొర్లే వీలు కల్పిస్తే చాలావరకు తగ్గుతాయి.

పిల్లల వయసు విషయంలో నేను రాజీ పడను. ఒకటి, రెండు రోజులవి మంచివి. మూడో రోజు దాకా ఆశ ఉంది. నాలుగైదు రోజులు బల్బు కింద ఉన్నవాటిని పెట్ట ఒప్పుకున్నా, అవే ఒప్పుకోవు. కళ్లు తెరిచిన తొలి రెండు రోజుల్లో ఏది వెచ్చగా కనిపిస్తే దాన్నే తల్లిగా గుర్తుపెట్టుకుంటాయి. తరవాత పెట్టను చూసి భయపడి మూలలకు పరుగెత్తుతాయి. పిల్లలు పరుగెత్తితే పెట్టకు అనుమానం వస్తుంది, తరిమి పొడుస్తుంది. ఒక వారం బల్బు కింద పెంచి ఆ తరవాత కోడికి ఇద్దామనే మధ్యేమార్గం అందుకే నిలవదు.

కొన్న పిల్లల పెట్టె వచ్చిన సాయంత్రం ముందు వాటిని బల్బు కిందే ఉంచండి. పుట్టిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు దాన్ని నిలబెడుతుంది, అందుకే ఇంత దూరం ప్రయాణం చేయగలదు. అయినా దాహం వేస్తుంది. బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఒక్కొక్కదాని ముక్కును మెల్లగా ముంచి తాగించండి. తరవాత నూకలో, పిల్లల దాణానో కాగితం మీద చల్లండి. రాత్రి పెట్ట లేచి వాటికి నీళ్లు చూపించదు కాబట్టి, ఈ పని మనం చేయకపోతే తెల్లారేదాకా అవి దాహంతోనే ఉంటాయి.

బాగా చీకటి పడ్డాక, ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య, దీపాలు ఆర్పి వెళ్లండి. కోడికి చీకట్లో చూపు ఆనదు, టార్చి మీద ఎర్రగుడ్డ కట్టుకుంటే దాన్ని కలవరపెట్టకుండా మనకు కనిపిస్తుంది. చేతులు వెచ్చగా రుద్దుకుని, పెట్ట వెనక వైపు నుంచి ఒక గుడ్డు తీసి దాని స్థానంలో ఒక పిల్లను పెట్టండి. ఇంకొకటి. అక్కడ ఆగండి. పావుగంట కదలకుండా వినండి. పిల్లల కీచుదనం తగ్గి, పెట్ట గొంతులో నెమ్మదైన కొక్ కొక్ మొదలైతే మిగతావి ఒక్కొక్కటిగా చేర్చండి. గుడ్డులో ఉన్నప్పుడు జరగవలసిన ఆ పలకరింపు ఈ ఒక్క రాత్రిలో జరగాలి. అందుకే పగలు పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. పగలు పెట్ట కంటితో చూస్తుంది. రాత్రి గొంతు వింటుంది, పొట్ట కింద కదలిక తెలుస్తుంది, నమ్మేది ఆ రెండింటినే.

అన్ని పిల్లలనూ ఒకే రాత్రి పెట్టాలి. రెండు రోజుల తరవాత ఇంకో నాలుగు తెచ్చి కలుపుదామంటే, అప్పటికే తన పిల్లల లెక్క, రంగు పెట్టకు తెలిసిపోయి ఉంటుంది. నల్ల పిల్లల మధ్య పసుపు పిల్లను ఏరి పొడిచిన పెట్టను నేను చూశాను.

తెల్లవారుజామున

అసలు పరీక్ష తొలి వెలుగులో. ఐదింటికల్లా లేచి గంప దగ్గర కూర్చోవాలి, దీనికి మినహాయింపు లేదు. నేను మొదటిసారి చేసినప్పుడు రాత్రి అంతా ప్రశాంతంగా ఉందని నిద్రపోయి, ఏడింటికి వెళ్లాను. పన్నెండింటిలో మూడు నెత్తి పగిలి పడి ఉన్నాయి. ఇంకో రెండు గంప అంచున చలికి బిగుసుకుపోయాయి. ఆ పెట్ట గూట్లోకి వచ్చి అప్పటికి నాలుగు రోజులే అయిందని నాకు తెలుసు. తెలిసీ తొందరపడ్డాను. ఆ ఐదు పిల్లల బాధ ఇప్పటికీ పోలేదు. ఈ వ్యాసంలో వారం, పది రోజులు అని పట్టుబట్టడానికి కారణం ఆ ఉదయమే.

ఈకల మధ్య నుంచి చిన్న తలలు బయటికి వచ్చి, పెట్ట వాటిని ముక్కుతో తట్టి లోపలికి సర్దుతుంటే గండం గడిచినట్టు. నూక గింజను ముక్కుతో ఎత్తి కింద పడేస్తూ వేగంగా కొక్ కొక్ అని పిలిస్తే ఇక మీరు లేచి వెళ్లవచ్చు. మెల్లగా ఒకసారి పొడిస్తే కంగారు పడకండి, మందలింపు అది. తల మీద గురిచూసి, ఈకలు నిక్కబొడుచుకుని కొడితే మాత్రం క్షణం ఆగకుండా అన్నింటినీ తీసి బల్బు కింద పెట్టేయండి. దెబ్బ తగిలి రక్తం కనబడుతున్నదాన్ని వేరుగా ఉంచండి, ఎర్రగా కనిపిస్తే తోటి పిల్లలే పొడుస్తాయి. పెట్ట బెదిరింది తప్ప కొట్టలేదనుకుంటే ఆ రాత్రి మరొక్కసారి ప్రయత్నించవచ్చు. కొట్టినదానికి రెండో అవకాశం నేను ఇవ్వను.

ఒప్పుకున్నాక మూడు నాలుగు రోజులు తల్లినీ పిల్లలనూ విశాలమైన జాలీలో వేరుగా ఉంచండి. నీళ్లు లోతులేని పళ్లెంలో, గులకరాళ్లు వేసి పెట్టండి, మునిగిపోకుండా. దాణా విషయంలో చాలామంది పొరపడతారు. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలకు అది హాని. పిల్లల దాణానే తల్లికీ పెట్టండి. అది గుడ్లు పెట్టడం లేదు కాబట్టి దానికి ఏ లోటూ రాదు. పాత కుండలో పేడ, తడిపిన గోనెసంచి ముక్కలు పెట్టి బోర్లిస్తే పట్టే చెదలు పిల్లలకు ఎంతో బలం. కుండ తిరగేయగానే తల్లి పిలిచే పిలుపు వినడం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఎప్పుడు వద్దు

మీ పెరట్లోనో పక్కింట్లోనో ఈ మధ్య కొక్కెర తెగులు (రాణిఖెట్) వచ్చి కోళ్లు పోయి ఉంటే పిల్లలను ఏ పెద్ద కోడి దగ్గరికీ చేర్చకండి. బల్బు కింద, విడి గదిలో, టీకాలు పూర్తయ్యేదాకా పెంచండి. తల్లి కింద పెరిగినా టీకాల లెక్క మారదు. మారెక్స్ (కాళ్లు, రెక్కలు చచ్చుబడే జబ్బు) టీకా మొదటి రోజే పిల్లలను పొదిగించే హేచరీలో వేయాలి, వేశారా అని అడిగి తెలుసుకోండి. ఇంట్లో గుడ్లు పొదిగించినవారికి ఆ టీకా సాధారణంగా అందదు, కొన్న పిల్లలకు ఉన్న ఒక లాభం ఇది. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్క, రెండో వారంలో గంబోరో (రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జబ్బు) టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా. తల్లి రెక్కల కింద ఉన్నవాటిని సాయంత్రం గంప కమ్మి, ఒక్కొక్కటే తీసి చుక్క వేసి వదిలేయవచ్చు. తల్లి ముఖానికి ఎగిరి వస్తుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. అసీల్ పెట్ట అయితే ఇంకా జాగ్రత్త. పొదగడంలోనూ పిల్లలను కాపాడటంలోనూ దానికి సాటి లేదు, పరాయి పిల్లలంటే మాత్రం అంతే కోపం.

బ్రాయిలర్ పిల్లలను నాటు పెట్టకు ఇవ్వకండి. మూడో వారానికే బరువెక్కి తల్లి వెంట నడవలేవు. సైకిళ్ల మీద అమ్మే రంగు పూసిన పిల్లలు ఎక్కువగా గుడ్ల జాతుల మగపిల్లలు, ఎండలో తిరిగి ఎన్ని రోజులవో తెలియకుండా నీరసపడి ఉంటాయి. వాటిని పెట్ట దగ్గరికి చేర్చి రోగం తెచ్చుకోవడం కన్నా, ఇంట్లోని చిన్నారులు ముచ్చటపడి కొన్నా సరే, విడిగా బల్బు కిందే ఉంచడం మంచిది.

పాతిక వచ్చినప్పుడు

చాలాసార్లు పన్నెండు పిల్లలు విడిగా దొరకవు, పాతిక పెట్టె మొత్తం కొనవలసి వస్తుంది. అప్పుడు నేను పంచుతాను. చురుకుగా ఉన్న పన్నెండింటిని ఆ రాత్రే పెట్టకు, చలికాలమైతే పదింటిని. మిగిలినవి బల్బుకు. కాళ్లు సరిగా నిలవనివి, ప్రయాణంలో నలిగినవి తప్పకుండా బల్బు వైపే. తల్లి నడిచే వేగానికి వెనకబడిన పిల్లను అది వెతుక్కుంటూ రాదు.

ఈ రెండు గుంపులనూ మధ్యలో కలపకండి. పెట్టెలో పెరిగిన పిల్ల పొరపాటున గంప దగ్గరికి వస్తే తల్లి దాన్ని శత్రువులాగే చూస్తుంది. రెండు నెలలు అటూ ఇటూగా ఒక రోజు తల్లే తన పిల్లలను ముక్కుతో తరమడం మొదలుపెడుతుంది, సాయంత్రం వాటిని వదిలి పాత కొమ్మ ఎక్కి పడుకుంటుంది, కొద్ది రోజుల్లో మళ్లీ గుడ్డు పెడుతుంది. ఆ రాత్రి తల్లి లేని పిల్లలు గూట్లో ఒకచోట ముడుచుకుని ఉంటాయి. బల్బు పిల్లలను వాటి పక్కన చేర్చడానికి అదే సరైన రాత్రి.